పురుషకారము – శ్రీనివాస రామానుజన్ జీవితము

పేదయింట పుట్టినవాడు కేవలము తన కష్టముచేతనే ఆ పేదరికమును దాటగలడా? ఈ ప్రశ్నకు మన పెద్దలు రెండు విధములుగా సమాధానము చెప్పుచుందురు. యత్నించువానికి అసాధ్యము లేదని కొందరందురు. నొసటి వ్రాతను తుడుపగలవాడు లేడని మరికొందరందురు. మొదటి మాట వినినప్పుడు, పేదవాడు పేదవాడుగా ఉండుటకు వాని సోమరితనమే కారణము కాబోలునని తోచును. రెండవ మాట వినినప్పుడు, ఎవరును ఏమియు చేయనక్కరలేదని తోచును. ఈ రెండును మనసునకు తృప్తి నీయవు.

నేను బాల్యమున వారములు చేసికొని పాఠశాలలో చదివినవాడను. సోమవారమొక ఇంట, మంగళవారమొక ఇంట భోజనము. నాతోకూడ చదివిన బాలుడొకడు నాకంటె బుద్ధిశాలి; నాకంటె ముందుగా నిద్రలేచువాడు. నాకు ఏడు దినములకును ఏడిండ్లు దొరకినవి. వానికి ఐదే దొరకినవి. తక్కిన రెండు దినములు వాడు మంచినీళ్లు త్రాగి పాఠము వల్లించుట నేనెరుగుదును. సిద్ధాంతకౌముది సగములో ఉండగా చదువు మాని, పెండ్లిండ్లలో వంటచేయువారి వెంట వాడు వెడలిపోయెను. శ్రమలో వాడు నాకు తీసిపోలేదు. వానికి కొరవడినది వారమునకు రెండు దినముల అన్నము మాత్రమే.

పై ప్రశ్న తలపునకు వచ్చినప్పుడెల్ల ఆ బాలుడును, లోకప్రసిద్ధుడైన మరియొక పేద శ్రీవైష్ణవ బాలుడును నా మనసులో మెదలుదురు. ఆ రెండవవాడు గణితశాస్త్రవేత్త శ్రీనివాస రామానుజన్. ఆయన గణితము నాకు తెలియదు. ఆయన చరిత్ర మాత్రము శ్రద్ధగా చదివితిని. దానిని పాఠకులకు నివేదించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

రామానుజన్ 1887వ సంవత్సరము డిసెంబరు 22వ తేదీన ఈరోడ్ పట్టణమున మాతామహుల యింట జన్మించెను. తండ్రి శ్రీనివాస అయ్యంగారు కుంభకోణమున ఒక బట్టల దుకాణములో గుమాస్తా. నెలకు 20 రూపాయల జీతము. తల్లి కోమలతమ్మాళ్ కోవెలలో భజనకీర్తనలు పాడి ఏ ఐదో పదో సంపాదించెడిది. చదువుకొను పిల్లలకు ఇంట బస, భోజనము ఏర్పరచి మరికొంత కూడబెట్టెడిది. వారి చిన్న యిల్లు శార్ఙ్గపాణి సన్నిధి వీథిలో ఉండెను. ఆళ్వారులు మంగళాశాసనము చేసిన పెరుమాళ్ల గోపురమును చూచుచు పెరిగిన బాలునకు శ్రీభాష్యకారుల తిరునామమే పేరైనది.

కోమలతమ్మాళ్‌కు వివాహమైన పిమ్మట చాలకాలము సంతానము కలుగలేదు. ఆమెయు, ఆమె తల్లియు నామక్కల్ క్షేత్రమున వేంచేసియున్న నామగిరి తాయారును వేడుకొనగా ఈ బిడ్డ కలిగెనని ఆ కుటుంబమువారి విశ్వాసము. నామక్కల్‌లో శ్రీనృసింహస్వామి కొండను తొలిచిన గుహాలయమున వేంచేసియున్నాడు; ఎదుట ఆకాశము క్రింద ఆంజనేయస్వామి అంజలి ఘటించి నిలిచియున్నాడు. స్వామి దేవేరియైన నామగిరి తాయారే రామానుజన్‌కు కడవరకు ఇలవేల్పు. రెండేండ్ల ప్రాయమున మశూచి సోకినను బిడ్డ బ్రతికి బయటపడెను. ఆయన తరువాత పుట్టిన ముగ్గురు శిశువులు ఏడాదియైన నిండకమునుపే గతించిరి. అటుపిమ్మట మాత్రమే ఇద్దరు తమ్ములు దక్కిరి. పేదరికము చదువును మాత్రమే హరించునది కాదు. అంతకుముందే ప్రాణములపై చేయి వేయును.

బాలుడు 1897వ సంవత్సరమున ప్రాథమిక పరీక్షలో తంజావూరు జిల్లాకంతకును ప్రథముడుగా నిలిచెను. మరుసటి యేడు కుంభకోణము టౌన్ హైస్కూలున చేరెను. అక్కడ సగము రుసుము తగ్గించిరి. ఆ సగము తగ్గింపే లేకున్నచో 20 రూపాయల జీతగాని కొడుకు ఉన్నత పాఠశాల గడప త్రొక్కుట కష్టమే. 1903వ సంవత్సరమున కార్ అను ఆంగ్లేయుడు కూర్చిన గణితసంగ్రహమొకటి ఆయన చేతికి వచ్చెను. అందు వేలకొలది సిద్ధాంతములు సూత్రప్రాయముగా ఉండును; ఉపపత్తులు మాత్రము దాదాపుగా ఉండవు. భాష్యము లేని సూత్రగ్రంథము వంటిదనుకొనవచ్చును. గురువు లేని ఆ బాలుడు ఒక్కొక్క సూత్రమును తనకుతానే సాధించుకొనుచు, దానినుండి క్రొత్తవానిని కనుగొనుచు పోయెను. 1904వ సంవత్సరమున హైస్కూలు బహుమతి ప్రదానసభలో ప్రధానోపాధ్యాయుడు, ఈ విద్యార్థికి పూర్తి మార్కులిచ్చినను చాలవని ప్రశంసించెను.

ఇంతవరకు వినినవారు, శ్రమకు ఫలము లభించినదని సంతోషింతురు. కాని కథ ఇక్కడినుండియే కష్టమైన త్రోవ పట్టినది.

కుంభకోణము ప్రభుత్వ కళాశాలలో విద్యార్థివేతనముతో చేరిన రామానుజన్ గణితమందే మునిగి తక్కిన విషయములను విడిచెను. పరీక్ష తప్పెను, వేతనము పోయెను. రుసుము చెల్లించు శక్తి తండ్రికి లేదు. 1905వ సంవత్సరమున, పదునేడేండ్ల ప్రాయమున, ఎవరికిని చెప్పకుండ రైలెక్కి విశాఖపట్టణము చేరెను. కుమారుడు కనబడుట లేదని తల్లిదండ్రులు పత్రికలో ప్రకటన వేయించిరి. తిరిగి వచ్చిన పిదప మదరాసున పచ్చయ్యప్ప కళాశాలలో చేరెను. అక్కడను ఎఫ్.ఏ. పరీక్ష దాటలేదు. శరీరశాస్త్రము ఆయనకు కొరుకుడు పడలేదు. గణితమున గురువులను మించినవాడు పట్టపు పరీక్షకు గుమ్మములోనే ఆగిపోయెను.

ఇది ఆయన దోషము కాదా యని అడుగవచ్చును. కొంత దోషమే. ఇష్టము లేని విషయమును నాలుగు నెలలు వల్లించినచో గట్టెక్కియుండును. కాని కలవారి బిడ్డ ఒక పరీక్ష తప్పినచో మరల కట్టును. ఇంటివారు రుసుము చెల్లింతురు. పేదవాడు ఒక్కసారి తప్పినచో వానికి తలుపే మూసికొనిపోవును. పేదవానికి ఒక్క పొరపాటుకైనను చోటు ఉండదు. ఇద్దరి తప్పును ఒక్కటే. చెల్లింపు మాత్రము ఒక్కటి కాదు.

1909వ సంవత్సరమున ఆయనకు జానకి అను బాలికతో వివాహము జరిగెను. ఉద్యోగము లేదు. కాగితము కొనుటకు చాలినంత డబ్బు లేదు. పలకపై లెక్క వ్రాయుచు, మోచేతితో తుడుచుచు, తేలిన ఫలమును మాత్రమే నోటుపుస్తకమున ఎక్కించుకొనెడివాడు. ఒకప్పుడు నల్లసిరాతో వ్రాసిన కాగితముపైననే ఎర్రసిరాతో మరల వ్రాసెడివాడు. 1910వ సంవత్సరారంభమున ఆయనకు శస్త్రచికిత్స అవసరమయ్యెను. ఇంట ధనము లేకపోగా ఒక వైద్యుడు ఉచితముగా చేసి ఆదుకొనెను.

ఇక్కడ ఒక మాటను గూర్చి కొంచెము విచారింపవలసియున్నది. నీతిశాస్త్రములందు పురుషకారమనగా మానవప్రయత్నము. దైవమునకు ఎదురుగా నిలిచెడి పౌరుషము. మన శ్రీవైష్ణవ సంప్రదాయమందు అదే మాటకు వేరొక అర్థము కలదు. అపరాధములతో నిండిన జీవుని పక్షమున తాయారు పెరుమాళ్లతో మాటలాడి, ఈతనిని స్వీకరింపుమని నచ్చజెప్పుటకు పురుషకారమని పేరు. తనకై తాను పడు పాటు ఒక అర్థము. ఒకరికై వేరొకరు చెప్పు మాట మరియొక అర్థము. ఒకే మాటలో ఈ రెండు అర్థములును ఇమిడియుండుట నాకు బాల్యమునుండి వింతగా తోచెడిది. రామానుజన్ చరిత్ర చదివిన పిమ్మట ఆ వింత తీరినది.

ఏలయనగా, మొదటి పురుషకారము ఆయనయందు ఇరువదిమూడేండ్లకే పరిపూర్ణముగా ఉండెను. నోటుపుస్తకములు నిండియుండెను. కాని ఆ పుస్తకములు చంకన పెట్టుకొని ఆయన గుమ్మము గుమ్మము తిరుగుచుండెను. రెండవ పురుషకారము లభించినప్పుడే తలుపులు తెరచుకొనినవి.

1910వ సంవత్సరమున ఆయన తిరుక్కోయిలూరు వెళ్లెను. వానరాత్రి ఒక ఇరుకు మొగసాలలో ముదలాళ్వారులు మువ్వురు కలిసికొనిన దివ్యదేశమది. అక్కడ డిప్యూటీ కలెక్టరుగా ఉన్న రామస్వామి అయ్యరు భారత గణితసంఘమును స్థాపించిన విద్వాంసుడు. రామానుజన్ ఆయనను అడిగినది ఒక చిన్న గుమాస్తా ఉద్యోగము. నోటుపుస్తకమును తిరగవేసిన అయ్యరు, ఇట్టి ప్రతిభను రెవిన్యూ కచ్చేరీ అట్టడుగు మెట్టుపై అణచివేయుటకు మనసొప్పక, ఉత్తరములిచ్చి మదరాసునకు పంపెను.

ఆ ఉత్తరముల పరంపరలో రామానుజన్ 1910వ సంవత్సరాంతమున, అప్పుడు మన నెల్లూరు జిల్లాకు కలెక్టరుగా ఉన్న రామచంద్రరావుగారిని దర్శించెను. మొదట ఆయనకు నమ్మకము కుదరలేదు. మాసిన బట్టలతో వచ్చిన యువకుడు చెప్పునది నిజముగా క్రొత్తదియా, లేక మాటల గారడియా యని సంశయించెను. పలుమారులు వినిన పిదప సంశయము తీరి, నీకేమి కావలెనని అడిగెను. గణితము చేసికొనుటకు తీరిక కలిగించునంతటి తిండి దొరకిన చాలునని రామానుజన్ విన్నవించెను. రామచంద్రరావుగారు నెలకు 25 రూపాయలు తన సొంతసొమ్ము పంపుచుండిరి. మరుసటి యేడు ఆయన మొదటి పరిశోధనవ్యాసము గణితసంఘ పత్రికలో అచ్చయ్యెను.

ఊరక తినుట రామానుజన్‌కు రుచింపలేదు. 1912వ సంవత్సరము మార్చి 1వ తేదీన మదరాసు పోర్టుట్రస్టులో నెలకు 30 రూపాయల గుమాస్తాగా చేరెను. అక్కడి ప్రధాన గణకుడు నారాయణ అయ్యరు గణితజ్ఞుడు. రాత్రులందు ఆయనతో కూర్చుండి లెక్కలు చేసెడివాడు. అధ్యక్షుడు ఫ్రాన్సిస్ స్ప్రింగ్ కూడ ఆదరించెను. వారి ప్రోత్సాహముతో రామానుజన్ 1913వ సంవత్సరము జనవరి 16వ తేదీన కేంబ్రిడ్జి పండితుడైన హార్డీకి ఉత్తరము వ్రాసెను. అంతకుముందు మరి ఇద్దరు పండితులకు వ్రాయగా ఫలము లేకపోయెను. హార్డీ ఆ కాగితములను త్రోసివేయక, తన మిత్రుడు లిటిల్‌వుడ్‌తో కలిసి పరిశీలించి, ఇది అసాధారణ ప్రతిభయని గ్రహించెను. ఆ సంవత్సరము మే 1వ తేదీనుండి మదరాసు విశ్వవిద్యాలయము, పట్టము లేని ఆ గుమాస్తాకు నెలకు 75 రూపాయల పరిశోధనవేతనము మంజూరు చేసెను.

సముద్రయానము ఆచారవిరుద్ధమని రామానుజన్ మొదట ఇంగ్లండు వెళ్లుటకు అంగీకరింపలేదు. నారాయణ అయ్యరుతో నామక్కల్ వెళ్లి మూడు రాత్రులు తాయారు సన్నిధిలో శయనించి అనుజ్ఞ పొందెనని చెప్పుదురు. తల్లికి స్వప్నమున నామగిరి తాయారు సాక్షాత్కరించి కుమారుని అడ్డగింపవలదని ఆజ్ఞాపించెనని కూడ ప్రసిద్ధి. 1914వ సంవత్సరము మార్చి 17వ తేదీన ఓడయెక్కెను.

కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలో ఆయన చేసిన పని విలువ కట్టుట నాబోటివానికి శక్యము కాదు. ఒక్క ఉదాహరణము చెప్పుదును. నాలుగు లడ్డూలను కుప్పలుగా పెట్టవలెననుకొనుడు. నాలుగును ఒకే కుప్పగా, మూడును ఒకటియుగా, రెండును రెండుగా, రెండును ఒకటియు ఒకటియుగా, నాలుగును విడివిడిగా – ఇట్లు ఐదు విధములు. పది లడ్డూలకు 42 విధములు. నూరు లడ్డూలకు 19,05,69,292 విధములు. ఇట్టి లెక్కను ఒక్కొక్కటిగా లెక్కింపకయే తేల్చు సూత్రమును రామానుజన్, హార్డీ కలిసి 1918వ సంవత్సరమున ప్రకటించిరి. తన సూత్రములు నామగిరి తాయారు స్వప్నమున అనుగ్రహించినవేయని రామానుజన్ నమ్మిక. దినములకు దినములు నిద్రాహారములు మరచి శ్రమించినవాడు ఆ ఫలమును తనదని చెప్పుకొనకపోవుట గమనింపదగినది.

కాని శరీరము సహకరింపలేదు. ఆచారము విడువక స్వయముగా వంట చేసికొనెడివాడు. 1914వ సంవత్సరమున యుద్ధము వచ్చి కూరగాయలు, పాలు దొరకుట కష్టమయ్యెను. మొదటి శీతకాలమున, రాత్రులందు చలికి వణకుచున్నానని ఆయన చెప్పగా, అక్కడ చదువుచున్న మహలనోబిస్ అను వంగదేశీయుడు గదికి వెళ్లి చూచెను. కంబళ్లన్నియు పరుపు క్రిందికి మడిచి చక్కగా అమర్చియుండెను. రామానుజన్ వానిపైన పరుండి, పై కోటు, శాలువ కప్పుకొనుచుండెను. కంబళ్లను తీసి లోపల దూరి పండుకొనవలెనని మహలనోబిస్ చూపించెను. ఈ చిన్న సంగతి నా మనసున నాటుకొనినది. చలి కాచు కంబళ్లు పడకపైననే ఉన్నవి. వానిని ఎట్లు కప్పుకొనవలెనో చూపువాడే ఇంతవరకు లేకపోయెను. పేదపిల్లలు చదువులో పడు అవస్థ చాలవరకు ఇట్టిదే.

1917వ సంవత్సరమున వ్యాధి ముదిరి వైద్యశాలలపాలయ్యెను. నాటి వైద్యులు క్షయ యనిరి. పూర్వము యౌవనమున వచ్చిన గ్రహణి పూర్తిగా నయముకాక కాలేయమున నిలిచియుండవచ్చునని తరువాతి వైద్యులు ఊహించిరి. ఆ స్థితిలోననే 1918వ సంవత్సరమున రాయల్ సొసైటీ సభ్యత్వమును, ట్రినిటీ ఫెలో పదవియు లభించినవి. ఫెలో పదవితో ఏటికి సుమారు 250 పౌన్లు. మదరాసు విశ్వవిద్యాలయము కూడ ఏటికి 250 పౌన్లు ఇచ్చుటకు నిశ్చయించెను. నెలకు 20 రూపాయల ఇంట పుట్టినవానికి అది కలలోనైన ఊహింపరాని ధనము.

అప్పుడు ఆయన ఏమి చేసెనో వినుడు. 1919వ సంవత్సరము జనవరి 11వ తేదీన విశ్వవిద్యాలయమునకు ఉత్తరము వ్రాసెను. తనకు రాబోవు ధనము తన అవసరమునకు మించినదని తెలిపెను. ఏటికి 50 పౌన్లు తల్లిదండ్రులకు ఇచ్చి, తన ముఖ్యమైన ఖర్చులు పోగా మిగిలినదానిని పేదపిల్లలకు, అనాథలకు బడిరుసుములు తగ్గించుటకును, పాఠశాలలకు పుస్తకములు సమకూర్చుటకును వినియోగింపవలసినదని కోరెను. తాను ఏ గుమ్మమువద్ద ఆగిపోయెనో ఆయన మరువలేదు. తాను కష్టపడి పైకి వచ్చితిని, తక్కినవారును అట్లే రావచ్చునని అనలేదు. ఆ గుమ్మమును కొంత తగ్గింపవలెనని కోరెను.

ఆ సంవత్సరమే స్వదేశమునకు వచ్చెను. రోగశయ్యపై ఉండియు లెక్కలు చేయుచునే, 1920వ సంవత్సరము ఏప్రిల్ 26వ తేదీన మదరాసు చేట్‌పట్‌లో పరమపదించెను. అప్పటికి వయస్సు 32 సంవత్సరములు. సముద్రము దాటి ప్రాయశ్చిత్తము చేసికొనలేదని బంధువులలో పలువురు అంత్యక్రియలకు రాలేదు. తాయారు అనుజ్ఞ ఇచ్చినచోట మనుష్యులు ఇయ్యలేకపోయిరి. ఆచారమును నమ్మిన నావంటివాడు ఈ మాట వ్రాయుటకు సిగ్గుపడవలసియున్నది. రామచంద్రరావుగారు కడసారి కూడ తోడై నిలిచిరి.

భార్య జానకమ్మకు అప్పటికి ఇరువదియొకటవ యేడు. విశ్వవిద్యాలయము నెలకు 20 రూపాయల భరణము ఏర్పరచెను. ఆమె కుట్టుపని నేర్చి, మదరాసు తిరువల్లిక్కేణిలో బట్టలు కుట్టుచు దశాబ్దములు జీవించెను. తల్లి గతించిన ఒక బాలుని చేరదీసి, పెంచి, చదివించి ప్రయోజకుని చేసెను. భర్త వేలమైళ్ల దూరమునుండి ఉత్తరమున కోరినదానిని ఆమె కుట్టుయంత్రము త్రొక్కుచు ఒక్క బాలునియందైన నెరవేర్చెను. 1994వ సంవత్సరమున ఆమె పరమపదించెను.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. కష్టము పేదరికమును దాటించునా? కష్టము లేనిదే ఏదియు దాటించదు. పలకపై మోచేతితో తుడిచి వ్రాసిన ఆ దినములు లేకున్నచో ఏ సిఫారసుత్తరమును రామానుజన్‌ను నిలుపలేకపోయెడిది. కాని కష్టము ఒక్కటే చాలదు. అంతటి మేధావికే రుసుము తగ్గించిన బడి, ఉచితముగా చికిత్స చేసిన వైద్యుడు, ఉత్తరమిచ్చిన అధికారి, 25 రూపాయలు పంపిన కలెక్టరు, కాగితములను చదివిన హార్డీ – ఇందరు కావలసివచ్చిరి. అట్లయినచో సామాన్యమైన తెలివి గల పేదపిల్లవాని మాటేమి? వానికి మరింత మంది కావలెను.

కనుక కష్టపడుము అను ఉపదేశము పేదవానికి చెప్పదగినదే. కాని అది సగము ఉపదేశము. తక్కిన సగము కలవారు తమకు తాము చెప్పుకొనవలసినది. తాయారు మన పక్షమున పెరుమాళ్లతో మాటలాడునని నమ్మువారము మనము. ఆమె మనకై చేయుదానిని మనము సాటివానికై కొంతయైన చేయకున్నచో ఆ నమ్మిక పెదవులపై నమ్మికయే యగును. దివ్యదేశయాత్ర ముగించుకొని యిల్లు చేరిన గృహస్థుడు తన వీథిలోని ఒక పేదపిల్లవాని రుసుమును గూర్చి విచారించినచో, ఒక పుస్తకము కొనియిచ్చినచో, తగినచోట వాని కొరకు ఒక్క మాట చెప్పినచో, అదియు తాయారునకు ప్రీతిపాత్రమైన కైంకర్యమే.

వంటవారి వెంట వెడలిపోయిన నా సహాధ్యాయి ఇప్పుడెక్కడ ఉన్నాడో ఎరుగను. నాడు ఆ ఊరిలో ఇంకను ఎన్నియో ఇండ్లు ఉండెను. వానికై రెండిండ్ల తలుపు తట్టి అడుగుదమని నాకును తోచలేదు. నా ఏడు వారములు నాకు నిండియుండెను. ఆ తోచకపోవుటయే నా అపరాధము. దానిని నామగిరి తాయారు క్షమించుగాక. ఇకముందు ఏ బాలునికిని ఏ వారమును ఖాళీగా ఉండకుండునట్లు మనకెల్లరకు బుద్ధి నొసగుగాక.